స్టార్టయితాంది, మళ్ల బందయితాంది

కరీంనగర్ బైపాసు పక్కన ఏ షెడ్డు ముందు కూర్చున్నా పొద్దున పదింటిలోపు ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. “స్టార్టయితాంది ఉస్తాద్, మళ్ల బందయితాంది.” అంత చెప్పేసి, తన వంతు అయిపోయినట్టు బండాయన చాయ్ బండి వైపు నడుస్తాడు. మెకానిక్ బానెట్ ఎత్తి చెయ్యి లోపల పెడతాడు. ఆ మాటకూ ఈ చేతికీ నడుమ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎప్పుడు బందయితాంది? స్టార్టయిన రెండు సెకన్లకా, నలభై నిమిషాలకా? ఎక్కుడు మీదనా, స్పీడ్ బ్రేకర్ దగ్గర కాలు తీసినప్పుడా? ఏసీ వేస్తేనా? వాన పడ్డ మర్నాడా? బండి ఆగే రోగం మీద ఇక్కడి షెడ్లలో, డ్రైవర్ల నోళ్లలో, ఫోన్ వీడియోల్లో తిరిగే వాదాలన్నీ కొన్నేళ్లుగా వింటూ వచ్చాను. ఆ ఒక్క ప్రశ్న అడిగిన చోట సగం వాదాలు వాటంతటవే రాలిపోవడం కూడా చూశాను.

(కారు ఆగిందంటే కరీంనగర్‌లో ముందు ఎలక్షన్ జోకు పేలుతుంది. 2001 మే 17న కారు గుర్తు పార్టీ టీఆర్‌ఎస్ సింహగర్జన జరిగిన ఊరు మరి. ఇక్కడ నేను మాట్లాడేది నాలుగు చక్రాల కారు గురించే.)

అసలు స్టార్టే కాని బండి వేరు, స్టార్టయి నిలవని బండి వేరు. మొదటిదానికి ఏం అందడం లేదో తెలియదు. రెండోది ఒక్క క్షణమైనా నడిచింది కాబట్టి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, సిలిండర్‌లో దమ్ము అన్నీ ఆ క్షణాన కుదిరాయన్నమాట. తర్వాత వాటిలో ఏదో ఒకటి చెయ్యి వదిలింది. అది ఏదన్నది ఆగిన తీరే చాలావరకు చెబుతుంది. తాళం తిప్పినట్టు టక్కున ఆగిందా, కరెంటు వైపు చూడాలి: ఇగ్నిషన్ వైరు, రిలే, క్రాంక్ సెన్సార్, బ్యాటరీ టెర్మినల్. గుటకలు మింగుతూ, కుదుపుతూ, రేసు ఇస్తే కాసేపు లేచి మళ్లీ కుంగి ఆగిందా, పెట్రోలు దారి పట్టాలి: పంపు, ఫిల్టర్, ట్యాంకులో నీళ్లు. కాలు తీస్తేనే ఆగి, కాలు పెడితే శుభ్రంగా పరుగెత్తుతుంటే గాలి లెక్క తప్పింది. నూటికి నూరు పాళ్లు కాదు. అయినా ఈ ఒక్క గుర్తుతో వెతుకులాట మూడోవంతుకు తగ్గుతుంది. దీన్ని చెప్పగలిగేది స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఒక్కడే. మెకానిక్ చేతికి వచ్చేసరికి బండి చాలాసార్లు బుద్ధిగా నడుస్తూ ఉంటుంది.

ఏపీ 15, ఏపీ 01 నంబర్ల కాలంలో ఈ రోగాన్ని ముక్కుతో, చెవితో పట్టేవారు. అంబాసిడర్‌కైనా ప్రీమియర్ పద్మినికైనా పెట్రోలును గాలిలో కలిపేది కార్బురేటరే. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ పెట్రోలును సన్నని రంధ్రం గుండా చిమ్మించే పద్ధతి కనిపెట్టాడు. ఆ రంధ్రమే మన మెకానిక్‌లు నోటితో ఊదే ‘జెట్’. అందులో ఇసుక రేణువంత చెత్త అడ్డుపడితే చాలు, బండి ఐడ్లింగ్‌లో నిలవదు. ఇగ్నిషన్‌లో కాంటాక్ట్ పాయింట్లు ఉండేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కోసం తయారుచేసిన పద్ధతే దాదాపు డెబ్బై ఏళ్లు ప్రపంచమంతా నడిచింది. పాయింట్ల నడుమ సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. మన దగ్గర దాన్ని అగ్గిపెట్టె అట్టముక్క పెట్టి చూసేవారు, గరుకు కాగితంతో రుద్దేవారు. పాయింట్లు కాలిపోతే బండి మిస్సింగ్ కొట్టి ఆగేది. పక్కనున్న కండెన్సర్ పోతే కొత్త పాయింట్లు కూడా నాలుగు రోజుల్లో నల్లబడేవి. పాయింట్లు మార్చి కండెన్సర్ వదిలేసిన మెకానిక్ దగ్గరికి అదే బండి వారంలో తిరిగొచ్చేది. తప్పు చేసిన భాగాన్ని వదిలి దెబ్బతిన్న భాగాన్ని మార్చడం అప్పటి నుంచీ ఉంది.

ఆ రోజుల్లో ఎండాకాలానికి ఒక ప్రత్యేక రోగం ఉండేది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరవడం మొదలుపెడతాయి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో బయటి ఎండే 45 దాటుతుంది, బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు. ఇంజిన్‌కు అంటుకుని ఉండే పంపులో పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరినే నములుతూ ఉంటుంది, ముందుకు ఏమీ పోదు. గోదావరిఖని రోడ్డు మీద చెట్టు నీడన బానెట్ ఎత్తిన అంబాసిడర్, ఏసీ పంపు మీద తడిగుడ్డ, పక్కన బీడీ వెలిగించిన డ్రైవర్, ఇది నా చిన్నప్పటి ఎండాకాలం. (ఏసీ పంపు అంటే చల్లటి గాలిది కాదు, పెట్రోలు లాగే పంపుకు మెకానిక్‌ల పేరు.) ఇరవై నిమిషాలు కాగానే బండి ఏమీ జరగనట్టు కదిలేది. ఆ తడిగుడ్డను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా మొదట కార్బురేటర్ బండే: 796 సీసీ, మూడు సిలిండర్లు. 2000లో దేశమంతా యూరో-1 స్థాయి కాలుష్య నియమాలు వచ్చిన కాలంలోనే ఇంజెక్షన్ బండ్లు వరసకట్టాయి. పంపు ట్యాంకులోకి దిగింది. దాదాపు మూడు బార్ ఒత్తిడితో పెట్రోలు తోస్తుంది, చుట్టూ పెట్రోలే ఉండి చల్లబరుస్తుంది కాబట్టి ఆవిరి బాధ చాలావరకు పోయింది. కొత్త బాధ ఒకటి వచ్చింది. ఎప్పుడూ రెండు వందల రూపాయల పెట్రోలుతో రిజర్వులో తిప్పే బండ్లలో పంపుకు ఆ చల్లదనం అందదు, ట్యాంకు అడుగు మడ్డి మాత్రం అందుతుంది. పంపు బతికుందో లేదో తెలుసుకోవడానికి స్కానరక్కర్లేదు. ఇంజిన్ తిప్పకుండా తాళం ‘ఆన్’లో పెట్టి వెనక సీటు దగ్గర చెవి పెడితే, చాలా బండ్లలో రెండు సెకన్లు జుయ్యిమని వినిపించి ఆగుతుంది. వినిపించకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి, ఆ తర్వాతే పంపు. వినిపించినంత మాత్రాన ఒత్తిడి సరిగా ఉందని కాదు. దానికి గేజీ పెట్టి కొలవాలి. మన జిల్లాల్లో గేజీ ఉన్న షెడ్లు తక్కువ, పంపు మార్చే షెడ్లు ఎక్కువ.

నా బండి కథ ఇక్కడే మొదలవుతుంది. పదకొండేళ్ల చిన్న కారు. కంపెనీ పేరు అనవసరం, తప్పు దానిది కాదు. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మొదటిసారి ఆగింది. టక్కున. పది నిమిషాల తర్వాత స్టార్టయింది. మొదటి షెడ్డులో ప్లగ్గులు, కాయిల్ మార్చారు. మార్చిలో మళ్లీ ఆగింది. రెండో చోట ఫిల్టర్, పంపు. ఏప్రిల్‌లో మూడో చోట, బోర్డు మీద స్కానర్ బొమ్మ ఉన్న చోట, థ్రాటిల్ బాడీ కడిగి ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అని బిల్లు రాశారు. మూడూ కలిపి తొమ్మిది వేల పైచిలుకు. మే నెలలో ఆదిలాబాద్ పోతుంటే నిర్మల్ దాటాక మహబూబ్‌ఘాట్ ఎక్కుతూ మలుపులో ఆగింది.

ఘాటులో బండి ఆగితే ఏమవుతుందో నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఆలోచించుకునే టైముండదు. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, కానీ తిరుగుతుంది. బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు మామూలుగా పడుతుంది, తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. కాబట్టి పంపు కొట్టినట్టు మాటిమాటికీ తొక్కకుండా ఒకే తొక్కుడులో ఆపాలి. తాళం మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పి తీయకూడదు, స్టీరింగ్ లాకవుతుంది. హ్యాండ్ బ్రేకు, హజార్డ్ లైట్లు, చక్రం కింద రాయి. వెనక పత్తి లారీ హారన్ కొడుతుంటే ఇవన్నీ గుర్తురావడం కష్టం. నాకు రాయి సంగతి చివర్న గుర్తొచ్చింది.

అరగంటకు మళ్లీ స్టార్టయింది. నేరడిగొండ దాటించి ఇచ్చోడ చేరేసరికి మరోసారి ఆగింది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, యాభై దాటిన మనిషి. బానెట్ జోలికి పోలేదు. “ఎంతసేపు నడిస్తె ఆగుతాంది సార్? మళ్ల ఎంతసేపటికి అందుకుంటాంది?” అని అడిగాడు. నలభై నిమిషాలు, ఇరవై నిమిషాలు అన్నాను. “ఎండకాలంల ఎక్కువ, చలికాలంల లేదు, అంతేనా?” అన్నాడు. డ్రైవింగ్ సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు. నన్ను పిలిచి ఆర్‌పీఎం ముల్లు చూపించాడు. ఇంజిన్ అంత గిరగిరా తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గర చచ్చినట్టు పడి ఉంది. తర్వాత నీళ్ల బాటిల్ తీసుకుని, బండి కిందికి వంగి, గేర్‌బాక్స్ అంచున బొటనవేలంత ఉన్న ఒక నల్లటి బుడిపె మీద సన్నగా ధార పోశాడు. రెండు నిమిషాలాగి సెల్ఫ్ కొడితే ముల్లు ఉలిక్కిపడి లేచింది. ఇంజిన్ అందుకుంది.

అది క్రాంక్ సెన్సార్. ఇంజిన్ ఎక్కడిదాకా తిరిగిందో కంప్యూటర్‌కు చెప్పేది ప్రధానంగా అదే. అది మూగబోతే కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ ఆగిపోయినట్టే, వెంటనే రవ్వనూ పెట్రోలునూ ఆపేస్తుంది. అందుకే టక్కున ఆగడం. నాదాంట్లో లోపల వెంట్రుకంత రాగి తీగ చుట్ట ఉంటుంది. పాతబడ్డాక ఎక్కడో కనపడని చీలిక. వేడికి వ్యాకోచించి తీగ విడిపోతుంది, చల్లబడితే అతుక్కుంటుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి చల్లబడి బాగానే ఉంటుంది, పరీక్షకు దొరకదు. అన్ని బండ్లలోనూ ముల్లు ఇలా సాక్ష్యం చెప్పదు, కొన్నింటి తీరు వేరు. చెప్పే బండిలో మాత్రం ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. అంబాసిడర్ పంపు మీద వేసిన తడిగుడ్డా, ఈ నీళ్ల బాటిలూ ఒకే తెలివికి రెండు రూపాలు: అనుమానం ఉన్నదాన్ని మార్చకుండా, అది చెడిన స్థితిలోనే పట్టుకుని చల్లబరిచి చూడటం.

కాలు తీస్తే ఆగే రోగం ఇంతకన్నా సర్వసాధారణం, ఇంత ప్రమాదమూ కాదు. టోల్‌గేటు, సిగ్నల్, స్పీడ్ బ్రేకర్, ఇవీ దాని తావులు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతూ చాలా కొంచెం గాలితో బతుకుతుంది. ఆ గాలి పోయే థ్రాటిల్ సందులో మసి పేరుకుంటే ఊపిరాడదు. కంప్యూటర్‌కు తెలియకుండా పగిలిన రబ్బరు గొట్టంలోంచి గాలి దొంగతనంగా చేరితే 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు అన్న లెక్క తప్పుతుంది. ఈజీఆర్ వాల్వు తెరిచే ఉండిపోతే పొగ తిరిగి లోపలికొచ్చి గొంతు నొక్కుతుంది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దుమ్ము, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము ఉండనే ఉన్నాయి. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఇక్కడ ఎయిర్ ఫిల్టర్ ఆగదు. థ్రాటిల్ కడగడం మంచి పనే, కానీ కడిగాక, లేదా బ్యాటరీ విప్పి పెట్టాక, కొన్ని బండ్లు తమ ఐడ్లింగ్‌ను కొత్తగా నేర్చుకోవాలి. ఆ సంగతి చెప్పకుండా తాళం చేతిలో పెడితే, కడగకముందు అప్పుడప్పుడూ ఆగే బండి కడిగాక ప్రతి మలుపులో ఆగుతుంది.

స్టార్టయిన రెండు సెకన్లకే ఆగుతుంటే తాళం గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ మీద అనుమానం పెట్టాలి. మీటర్‌లో తాళం బొమ్మ మినుకుమంటుందేమో చూసి, రెండో తాళంతో ప్రయత్నిస్తే సరి. నడుస్తుండగా బ్యాటరీ బొమ్మ వెలిగి, లైట్లు మసకబారి ఆగిందంటే ఆల్టర్నేటర్. నడిచే ఇంజిన్ మీద బ్యాటరీ దగ్గర సుమారు పద్నాలుగు వోల్టులు కనపడాలి. టెర్మినళ్లకు పట్టిన తెల్లపొడి మీద వేడినీళ్లు పోసి బిగించడంతో తీరిన కేసులు నేను లెక్కపెట్టడం మానేశాను.

ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు కథ వేరు. అక్కడ రాజ్యం డీజిల్‌ది, షేర్ జీపులది. పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినవాళ్లకు తెలుసు, పన్నెండు మంది ఎక్కిన జీపు ఆగితే పన్నెండు మంది వైద్యులు దిగుతారు. డీజిల్‌కు ప్లగ్గు రవ్వ అక్కర్లేదు కాబట్టి పాత జీపులో వెతకాల్సింది ప్రధానంగా ఒక్కటే: డీజిల్ దారిలో గాలి చొరబడిందా, లేక ఫిల్టర్ మూసుకుపోయిందా? ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, గొట్టం క్లిప్పు వదులైనా గాలి చేరుతుంది. డ్రైవర్ ఫిల్టర్ మీది నట్టు ఒక చుట్టు వదులు చేసి, చేతి పంపును బొటనవేలితో నొక్కుతూ ఉంటాడు. మొదట బుసబుస నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగలేని డీజిల్ ధార. అప్పుడు నట్టు బిగించాలి, ఒక్క నొక్కు ముందు కాదు. ఏజెన్సీలో పాత డ్రైవర్లు రాత్రిపూట జీపును వాలులోనే పెడతారు. సిర్పూర్ (యు), గిన్నెదరి వైపు చలికాలం ఐదారు డిగ్రీలకు దిగే తెల్లవారుజామున సెల్ఫ్ మీద భరోసా లేక. ఈ ఉపాయం కొత్త కామన్ రైల్ బండ్లతో అంతగా పనిచేయదు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే కంప్యూటర్ లేవదు, కంప్యూటర్ లేవకపోతే ఎంత తోసినా ఇంజెక్టర్ తెరుచుకోదు.

ఇప్పుడు స్కానర్ సంగతి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్ముడవుతున్నాయి. స్టీరింగ్ కింద సాకెట్టు, అందులో గుచ్చితే కోడు. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ డబ్బాతో ఫోనులోనూ చూసుకోవచ్చు. పీ 0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పీ 0505 అంటే ఐడ్లింగ్ నియంత్రణ, పీ 0171 అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ. ఉస్తాద్‌ల తరం దీన్ని ‘డబ్బా వైద్యం’ అని వెక్కిరిస్తుంది. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివొచ్చిన పిల్లలు డబ్బా లేనిదే బానెట్ ఎత్తరు. నేను ఉస్తాద్‌ల పక్షం కాదు. వాక్యూమ్ గొట్టం పగులును చెవితో పట్టవచ్చేమో గానీ బీఎస్-6 డీజిల్‌లో కామన్ రైల్ ఒత్తిడిని ఏ చెవీ వినలేదు. గొడవ డబ్బాతో లేదు, కోడును తీర్పుగా చదవడంతో ఉంది. కోడు ఫిర్యాదు చేసినవాడి పేరు చెబుతుంది, నేరం చేసినవాడి పేరు కాదు. పీ 0171 చూసి ఆక్సిజన్ సెన్సార్ మార్చినవాడు, అసలు తప్పు పగిలిన గొట్టానిదని వారం తర్వాత తెలుసుకుంటాడు. ఇక నా బండికి మూడో షెడ్డులో పెట్టిన స్కానర్ ఏ కోడూ చూపలేదు. చల్లటి ఇంజిన్ మీద పెట్టారు మరి.

ఈ ఏడాదీ నిరుడూ ప్రతి ఆగుడుకూ దొరికిన ముద్దాయి ఈ20. 2025కల్లా బంకుల్లో పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ మామూలైంది. మా ప్రాంతానికి ఈ ఇథనాల్ మాట పెట్రోలు ట్యాంకు ద్వారానే రాలేదు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు. బండి సంగతికొస్తే, నీతి ఆయోగ్ 2021 నివేదిక పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని ఒప్పుకుంది. అది మైలేజీ లెక్క. ఆగడానికి దారి మరోలా ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీళ్లు మితిమీరితే రెండూ కలిసి ట్యాంకు అడుక్కు చేరతాయి, పంపు ముందు లాగేది అడుగునున్నదాన్నే. పాత ట్యాంకుల మడ్డిని కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సార్ చూసి కంప్యూటర్ సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ కళ్లు లేవు. కాబట్టి నెలల తరబడి షెడ్డులో పడుకుని వానలు దాటి బయటికొచ్చిన పాత బండి ఆగితే ఈ20ను నమ్ముతాను. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే ఐదేళ్ల బండి ఆగితే నమ్మను. సీసాలో కొంచెం పెట్రోలు పట్టి ఒక పూట కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర కనపడుతుందో లేదో తెలుస్తుంది. ఆ మాత్రం చేయకుండా బంకాయనతో గొడవపడేవాళ్లే ఎక్కువ.

ఎలుకల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. ఇంటి వెనక పత్తో వడ్లో నిల్వ ఉండి, దాని పక్కనే వెచ్చటి ఇంజిన్ ఉంటే అవి రాకేం చేస్తాయి! కొరికిన వైరు ఒక్కోసారి పూర్తిగా తెగదు. నాలుగు పోగులు మిగిలి, గుంతలో పడ్డప్పుడు మాత్రమే విడిపోతుంది. కొండగట్టులో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించిన బండి కూడా ఈ ఒక్క శత్రువుకు లొంగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా వైరు కట్టలను జాగ్రత్తగా కదిపి చూడటమే దీనికి పరీక్ష.

ఇంత తెలిసీ షెడ్లలో పార్టులు మార్చడమే ఎందుకు నడుస్తుంది? మెకానిక్‌కు తెలియక కాదు. ప్లగ్గు మారిస్తే ప్లగ్గు చేతికి కనపడుతుంది, దాని మీద కూలీ అడగొచ్చు. గంటసేపు బండి పక్కన కూర్చుని అది ఆగేదాకా చూడటానికి మా జిల్లాల్లో ధర లేదు. చూసి చెప్పినందుకు డబ్బులడిగితే ‘ఏం జేసినవని?’ అంటారు. అందుకే చూడటం మానేసి మార్చడం నేర్చుకున్నారు.

ఇచ్చోడలో ఆ రోజు సెన్సార్ దొరకలేదు. ఆదిలాబాద్‌లో పద్నాలుగు వందలకు దొరికింది, ఇప్పటిదాకా బండి మళ్లీ ఆగలేదు. అది తర్వాతి మాట. ఆ సాయంత్రం షెడ్డు ముందు ఆయన నీళ్ల బాటిల్ మూత బిగిస్తూ, “చూసినందుకు ఓ మూడొందలు ఇయ్యిండ్రి సార్” అన్నాడు. మూడు చోట్ల అడిగింది అడిగినట్టు తొమ్మిది వేలు ఇచ్చి వచ్చిన నేను, జేబులో చెయ్యి పెట్టి, “రెండొందలు తీసుకో అన్నా” అన్నాను.